కుక్కతో నడకకు ఎక్కడికి: చెరువు కట్టా, పెన్నా ఇసుకా, గండికోటా, మైపాడు సముద్రమా?

కడపలో కుక్కను పెంచుకునేవాళ్లకు ఆదివారం వస్తే వచ్చే ఆలోచన ఇది. రోజూ తిప్పే వీధి కాకుండా, దాన్ని ఓ రెండు గంటలు హాయిగా నడిపించే చోటు ఏది? తెలిసినవాళ్లను అడిగితే ముందు గండికోట పేరు చెబుతారు. కొంచెం ఓపికున్నవాళ్లు నెల్లూరు దాటి మైపాడు దాకా వెళ్లి రమ్మంటారు. అవి మనుషుల కళ్లతో చూసి చెప్పే మాటలు. కుక్కకు లోయ అందంతో పనిలేదు. దానికి కావలసింది కాలి కింద చల్లటి నేల, దగ్గర్లో మంచి నీళ్లు, ఎదురుపడే జంతువులతో ప్రమాదం లేకపోవడం. ఈ మూడింటినీ బట్టి చూస్తే మా లెక్క ఇలా ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు చెరువు కట్టే మేలు. ఈదడం ఇష్టమైన కుక్క అయితే చలికాలంలో సముద్రానికి ఒకటి రెండుసార్లు వెళ్లొచ్చు. పెన్నా ఇసుక కొన్ని కుక్కలకే నప్పుతుంది. గండికోటకు వెళ్లేటప్పుడు కుక్కను ఇంట్లో వదిలి వెళ్లండి.

అడవి సంగతి ముందే తేల్చుకోవాలి. పాలకొండలు, లంకమల, వెలిగొండ చూడ్డానికి నడకకు పుట్టినట్టే ఉంటాయి. కానీ ఇవన్నీ ఎర్రచందనం కొండలు. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో అడుగు పెట్టడమే నేరం, అటవీ సిబ్బంది కొత్తవాళ్లు కనబడితే ఆపి అడుగుతారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం కలివికోడి ఉండే చోటు. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో ఈ జిల్లాలోనే మళ్లీ కనబడింది. నేల మీద తిరిగే పక్షి కాబట్టి కుక్క వాసన పట్టి వెంటబడితే దానికి దిక్కులేదు. ఇక చిరుతపులికి కుక్క అంటే తేలిగ్గా దొరికే ఆహారం. కుక్కల డిస్టెంపర్ రోగం అడవి జంతువులకూ సోకుతుంది, అది పెద్దపులుల్ని కూడా చంపగలదు. కాబట్టి అభయారణ్యం, రిజర్వు ఫారెస్టు రెండూ మన జాబితాలో ఉండవు.

చెరువు కట్ట

రాయలసీమలో ఊరికో చెరువు ఉంది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు చోటు ఎలా చూసుకోవాలో, కట్ట ఎలా వేయాలో అందులో చెక్కించారు. అలాంటి పెద్ద కట్ట ఏదైనా కుక్క నడకకు బాగుంటుంది. కారణాలు చాలానే ఉన్నాయి. పైన దారి చదునుగా, చాలాచోట్ల మట్టితో ఉంటుంది. రెండు వైపులా దూరం కనబడుతుంది కాబట్టి ఎదురొచ్చే మందనో, ఊరకుక్కల గుంపునో వంద గజాల ముందే చూసి చైను దగ్గరికి లాక్కోవచ్చు. నీటి మీద గాలి తగులుతుంది. ఇంటికి దగ్గర కాబట్టి ఎండ ముదరకముందే వెనక్కి రావచ్చు.

కట్ట మీద జాగ్రత్తలూ ఉన్నాయి. నీటి వైపు వాలుకు పేర్చిన రాళ్ల సందుల్లో పాములుంటాయి. ఉదయం పూట ఎండ కాచుకోవడానికి అవి పైకి వస్తాయి. కుక్క ముక్కు ముందు దూరేది ఆ సందుల్లోనే. అందుకే చైను ఒకటిన్నర మీటర్లకు మించనివ్వకుండా, కట్టకు పొలం వైపు అంచున నడిపించండి. తూము దగ్గర నీళ్లు వదిలి ఉంటే లోపలికి లాగే ఊపు పైకి కనబడదు, ఆ దరిదాపుల్లో కుక్కను నీళ్లలోకి దించకూడదు. మరవ (నిండిన చెరువు నీళ్లు పొర్లే చోటు) పారుతున్నప్పుడు దాన్ని దాటించే ప్రయత్నం అసలే వద్దు. పాచి పట్టిన రాయి మీద నాలుగు కాళ్లున్నా నిలబడలేదు.

వేసవిలో నీళ్లు తగ్గాక చెరువులో పచ్చరంగు పోసినట్టు పైన తెట్టు కట్టి ఉంటే ఆ నీళ్లు తాగనివ్వకండి, ఈదనివ్వకండి. ఆ తెట్టులో కొన్ని రకాల సూక్ష్మజీవులు కాలేయాన్ని, నరాలను దెబ్బతీసే విషం విడుదల చేస్తాయి. కుక్క ఈది బయటికొచ్చి ఒళ్లు నాక్కున్నా విషం లోపలికి వెళ్తుంది. వానల తర్వాత నిలిచిన మడుగుల్లో ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఏటా వేయించే టీకాలో అది కూడా ఉందో లేదో డాక్టర్ని అడిగి చూసుకోండి.

కట్ట కింద ఆయకట్టులోకి కుక్కను వదలకండి. శనక్కాయ చేలకు అడవి పందుల బెడద ఉన్నచోట కొందరు రాత్రిపూట చుట్టూ కరెంటు తీగ లాగుతారు. కొన్నిచోట్ల ఉరులు పెడతారు, పిండిలోనో మాంసంలోనో పేలుడు మందు చుట్టిన ఉండలు పడేస్తారు. ఇవన్నీ చట్టవిరుద్ధమే, అయినా జరుగుతున్నాయి. వెలుగు బాగా వచ్చాకే బయల్దేరడం, నేల మీద దొరికింది తినకుండా కుక్కకు నేర్పడం తప్ప వేరే రక్షణ లేదు. చేలల్లో ప్లాస్టిక్ షీటు పరిచిన ఫారంపాండ్లు (నీళ్లు నిలిపే గుంతలు) ఇంకో ముప్పు. దప్పికతో దిగిన కుక్క ఆ జారుడు షీటు మీద గోళ్లు పట్టక పైకి రాలేదు, అలసిపోయి మునిగిపోతుంది. సిమెంటు లైనింగు వేసిన కాలువలదీ అదే తీరు. పారుతున్న కె.సి. (కర్నూలు-కడప) కాలువలో పడ్డ కుక్కను హార్నెస్ (ఛాతీకి, వీపుకు చుట్టే పట్టీ) లేకుండా పైకి లాగడం చాలా కష్టం. మెడ బెల్టు పట్టి లాగితే తల జారిపోతుంది, జారకపోతే గొంతు బిగుస్తుంది. నీళ్ల పక్కన నడిచేటప్పుడు వీపు మీద పిడి ఉన్న హార్నెస్ వేయండి.

గొర్రెల మంద ఎదురైతే మీరే కట్ట దిగి పక్కకు నిలబడాలి. చూడి గొర్రెలు బెదిరి పరిగెత్తితే ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. ఆ నష్టం కాపరి ఇంటిమీద పడుతుంది. మంద వెంట ఉండే కుక్కలు కూడా తమ మంద మీదికి వచ్చిందనుకుంటే ఊరుకోవు.

పెన్నా ఇసుక

చెన్నూరు దగ్గరా, సిద్ధవటం దగ్గరా పెన్న ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి, అంత వెడల్పు ఇసుక ఖాళీగా పడి ఉంటుంది. మెత్తటి నేల కాబట్టి పరిగెత్తే కుక్కకు కీళ్ల మీద దెబ్బ తక్కువ. నది మధ్యలో ముళ్లుండవు. వాహనాల భయం లేదు, ట్రాక్టర్లు తిరిగే చోటు వదిలేస్తే. కడప నుంచి అరగంటలో చేరతారు.

అయితే నీడ అనేది ఉండదు. పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతూ అరగంట నడవడమంటే గట్టి నేల మీద దాదాపు గంట నడిచినంత శ్రమ. బరువెక్కిన లాబ్రడార్‌కు, తుంటి నొప్పి ఉన్న జర్మన్ షెపర్డ్‌కు ఇది పనికిరాదు. సన్నగా, కాళ్లు పొడుగ్గా ఉండే నాటు కుక్కలకు, ముధోల్, రాజపాళయం జాతులకు బాగా సరిపోతుంది. ఒడ్డున పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు తప్పవు. కాబట్టి కారు దిగిన చోటి నుంచి ఇసుక దాకా ఎత్తుకెళ్లడమో, జనం నడిచిన బాట మీద నడిపించడమో చేయండి. ఇసుక తవ్విన గుంతల్లో నిలిచిన నీళ్లు పైకి మోకాలి లోతున్నట్టు కనిపిస్తాయి, అంచు విరిగితే లోతు తెలీదు. పై జలాశయాల నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో, ఎగువన గట్టి వాన పడ్డ రోజుల్లో నదిలోకి దిగవద్దు.

గండికోట ఎందుకు వద్దంటున్నాం

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ, కోట గోడలు, మాధవరాయ గుడి, ధాన్యాగారం, మసీదు. మనుషులు తప్పక చూడవలసిన చోటు. కానీ అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1959 నాటి నిబంధనల ప్రకారం రక్షిత కట్టడాల్లోకి నిర్వహణ పనికి తప్ప జంతువుల్ని తీసుకురాకూడదు. లోపల ఊరుంది కాబట్టి ఊరకుక్కలు తిరుగుతుంటాయి, వాటిని చూసి మనదాన్నీ తీసుకెళ్లొచ్చనుకోకండి. పైగా ఆ ఊరకుక్కలకు అది తమ ఇలాకా. లోయ అంచున కంచె లేని బండలు, వాటి మధ్య పగుళ్లు. ఉడతనో తొండనో చూసి ఒక్క దూకు దూకిందంటే కింద వందల అడుగుల లోతు. బండ పట్టిన వేడి సాయంత్రం దాకా వదలదు. వెళ్లక తప్పదంటే కోట బయటే ఆగి, ఇంట్లోవాళ్లు వంతులవారీగా లోపలికి వెళ్లి రండి. ఒకరు ఎప్పుడూ కుక్క దగ్గరే ఉండాలి, కారులో పెట్టి తాళం వేయడం మాత్రం కుదరదు. ఎండలో మూసిన కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది. అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు.

సముద్రం: మైపాడు, కొత్తకోడూరు

కడప నుంచి సిద్ధవటం, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి తూర్పుగా దాదాపు 25 కిలోమీటర్లు వెళ్తే మైపాడు. మొత్తం నాలుగు గంటల పైమాటే. కుక్కతో అయితే ఐదు వేసుకోండి. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొంచెం పెట్టి ఆపేయాలి. కడుపు నిండా తిని ఘాట్ ఎక్కితే వాంతి ఖాయం. గంటన్నరకోసారి ఆపండి, అయితే సిద్ధవటం దాటాక లంకమల అడవి పక్కన కాదు, బద్వేలు చేరాక. తర్వాత ఆత్మకూరులో ఇంకోసారి. కారు తలుపు తీసేముందే చైను చేతిలో ఉండాలి. కొత్త చోట తలుపు తీయగానే హైవే మీదికి దూకి కుక్కలు పోతుంటాయి.

మైపాడు పేరున్న బీచి కాబట్టి ఆదివారాలు, కార్తీక మాసం స్నానాల రోజులు జనంతో కిటకిటలాడుతుంది. ఆ రోజుల్లో కుక్కను తీసుకెళ్లడం దానికీ హింస, జనానికీ ఇబ్బంది. వారం మధ్యలో వెళ్లండి. అది కుదరకపోతే తోటపల్లిగూడూరు మండలంలోని కొత్తకోడూరు వైపు చూడండి. రెండుచోట్లా గదులకు ముందే ఫోన్ చేసి కుక్క ఉందని, దాని బరువెంతో చెప్పి ఒప్పించుకోండి. అక్కడికి వెళ్లాక చెబితే చాలా లాడ్జీలు కుదరదంటాయి.

కాలం విషయంలో ఒక చిక్కు ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి దాకా ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. మార్చి దాటితే ఎండ. కుక్కకు అనువైనది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. సరిగ్గా జనవరి నుంచే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి, పిల్లలు రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. కుక్కలు ఆ గూళ్లను వాసనతో పట్టి తవ్వేస్తాయి. తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జీవి. దీనికి పరిష్కారం ఉంది. తాబేలు ఎప్పుడూ పోటు నీళ్లు అందని పై ఇసుకలోనే గుడ్లు పెడుతుంది. మనం నడవాల్సింది అలలు తడిపిన కింది ఇసుక మీద. అదే కుక్క కాళ్లకూ మేలు, గట్టిగా చల్లగా ఉంటుంది. కాబట్టి తెల్లవారాకే దిగడం, కారు నుంచి తడి ఇసుక దాకా చైను విప్పకపోవడం, సాయంత్రం చీకటి పడేలోపు బయటపడటం. ఈ మూడూ పాటించలేమనుకుంటే ఆ నెలల్లో సముద్రం వైపు వెళ్లకండి.

ఆటుపోట్ల వేళలు ముందురోజే ఫోన్‌లో చూసుకోండి. పాటు (నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళ) ఉదయం ఆరు ఏడు మధ్య పడే రోజు దొరికితే నడవడానికి వెడల్పాటి గట్టి ఇసుక దొరుకుతుంది. ఈ వేళ రోజుకు ముప్పావు గంట పైనే ఆలస్యమవుతూ పోతుంది. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పాటు ఇంకా లోపలికి పోతుంది, పోటూ అంతే పైకి వస్తుంది.

ఒడ్డున తప్పు జరిగేది ఎక్కువగా ఉప్పునీళ్లతో. అలల్లో బంతి తెచ్చే ప్రతిసారీ కుక్క గుక్కెడు నీళ్లు మింగుతుంది. పావుగంట ఆటలో అది చాలా అవుతుంది. మొదట నీళ్ల విరేచనాలు, వాంతులు. ఎక్కువైతే తూలడం, ఫిట్స్. పది నిమిషాలకోసారి ఆట ఆపి గిన్నెలో మంచినీళ్లు పెట్టండి. బంతిని ఇసుక మీద కాకుండా నీళ్ల మీదికి విసరండి. ఇసుక అంటిన బంతిని పదేపదే నోట పట్టే కుక్క కడుపులో ఇసుక పేరుకుని పేగు అడ్డుపడుతుంది. మర్నాడు మలవిసర్జన లేక, పొట్ట గట్టిపడి, వాంతులవుతుంటే ఇంటి వైద్యం పనికిరాదు, ఎక్స్‌రే తీయించాలి. ఈ తీరంలో అల వెనక్కి లాగే జోరు ఎక్కువ, మనుషులే కొట్టుకుపోతుంటారు. పొడుగు తాడు కట్టి, కుక్క పొట్ట తడిసేంత లోతు వరకే పోనివ్వండి.

ఒడ్డున మత్స్యకారుల పని జరుగుతుంటుంది. వల మీద, పట్టా మీద చేపలు ఎండబోసి ఉంటాయి. కుక్క వాటిమీద నడిచినా, కాలెత్తినా ఆ ఇంటి సరుకు పాడైనట్టే. పడవలు, వలలు ఉన్నచోట చైను పొట్టిగా పట్టి దూరంగా దాటండి. వల కంతల్లో గోరు ఇరుక్కుంటే కుక్క భయంతో గుంజుకుని వేలు చీల్చుకుంటుంది. గాలాలకు మిగిలిన ఎర కూడా ప్రమాదమే. నోట్లోంచి గాలం తీగ వేలాడుతుంటే లాగకండి, లోపలికంటా కత్తిరించకండి. బయటి తీగను బెల్టుకు ముడివేసి అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డాక్టరు ఆ తీగను పట్టుకునే గాలాన్ని వెతుకుతారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీఫిష్‌ను, ముళ్లతో ఉబ్బిన చచ్చిన చేపను మూతి పెట్టనివ్వవద్దు. ఆ ఉబ్బుడు చేప విషం ఊపిరి ఆపేయగలదు, దానికి విరుగుడు లేదు.

ఎనిమిదిన్నరకల్లా ముగించి, వెంట తెచ్చిన పది లీటర్ల డబ్బాతో మంచినీళ్ల స్నానం చేయించండి. వేళ్ల సందులు, చంకలు, చెవి మడతలు ముఖ్యం. ఉప్పు ఒంటిమీద ఉండిపోతే దారి పొడుగునా నాక్కుని ఇంటికొచ్చేసరికి విరేచనాలు పట్టుకుంటాయి.

మీ కుక్కకు ఏది

పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు చెరువు కట్ట ఒక్కటే, అదీ చలికాలం ఉదయం ముప్పావు గంటకు మించకుండా. వాటి శ్వాసనాళం ఇరుకు, వగర్చి ఒళ్లు చల్లబరుచుకోలేవు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్‌లను మార్చి నుంచి జూన్ దాకా వీటిలో దేనికీ తీసుకెళ్లకండి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లకు సముద్రం పండగే, కానీ ఆగమని మీరు చెప్పేదాకా ఆగవు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై కుందేలు కనబడితే పిలుపు వినవు, పెన్నా ఇసుకలో కూడా పది మీటర్ల తాడు తీయకండి. టీకాలు పూర్తికాని పిల్లను ఎక్కడికీ వద్దు. ఏడాది నిండని పెద్దజాతి పిల్లను లోతు ఇసుకలో పరిగెత్తించవద్దు, ఎముకలు ఇంకా గట్టిపడలేదు.

కర్నూలు, అనంతపురం వాళ్లకు సముద్రం చాలా దూరం, కుక్కను అంతసేపు కారులో కూర్చోబెట్టడం దండగ. కర్నూలువాళ్లకు జగన్నాథగట్టు వైపు ఉదయం నడక చాలు. ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి వెళ్లేముందు గేటులో కుక్కను అనుమతిస్తారో లేదో అడగండి. నల్లమల పులుల అభయారణ్యం, రోళ్లపాడు అభయారణ్యం వద్దు. అనంతపురం వైపు శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం చెరువులున్నాయి. గుత్తి కోట గండికోట లాగే రక్షిత కట్టడం.

వెంట ఉండాల్సినవి, చేయాల్సినవి

పాతిక కిలోల కుక్కకు రెండు గంటల నడకకు తాగడానికి లీటరున్నర, ఒళ్లు తడపడానికి ఇంకో రెండు లీటర్లు. ఒక్కసారిగా కాకుండా ఇరవై నిమిషాలకోసారి కొద్దికొద్దిగా తాగించండి. చిన్న పట్కారు, గాయానికి పూసే పోవిడోన్ అయోడిన్, దూది, చుట్టే బ్యాండేజీ, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, ఒక పాత దుప్పటి. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ లాంటి మన మాత్రలు కుక్కకు ఇవ్వకండి, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి.

నేల చూడాలంటే చెయ్యి వెనకభాగం దానిమీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని కాళ్లూ ఓర్చుకోలేవు. తారు రోడ్డు, నల్ల కడప బండ పరిచిన చోటు మట్టికంటే ముందు కాలుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఐదింటికి మొదలుపెట్టి ఏడులోపు ఇంటికి చేరాలి. సాయంత్రం నడక ఆ రెండు నెలలూ మానేయండి, పొద్దుగూకినా నేల చల్లారదు.

కుక్క నడక ఆపి నీడకు పోయి పడుకుంటే మొండితనం అనుకోకండి. నాలుక వెడల్పై ముదురు ఎరుపెక్కడం, చిక్కటి చొంగ, తూలడం వడదెబ్బ గుర్తులు. దాని మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే అక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. పొట్ట, చంకలు, తొడల సందుల్లో మామూలు నీళ్లు పోస్తూ గాలి విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. 103.5కు దిగాక నీళ్లు ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాలి, కిడ్నీల దెబ్బ ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు.

పాము కరిస్తే కట్టు కట్టకండి, గాటు పెట్టకండి. నడిపించకుండా దుప్పట్లో ఎత్తుకుని తీసుకెళ్లండి. మన దగ్గర దొరికే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. అది ఏ పశువైద్యుడి దగ్గర ఉందో నడకకు ముందే కనుక్కుని నంబరు రాసుకోవాలి. ప్రొద్దుటూరులోనూ తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలున్నాయి, మీరు నడిచే చోటికి ఏది దగ్గరో, రాత్రిపూట చూస్తారో లేదో కూడా అప్పుడే అడగండి.

ఇంటికొచ్చాక కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి వెతకండి. పిడుదులు చెవి లోపలి మడతలో, బెల్టు కింద, వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగాలి. కిరోసిన్ పోయడం, కాల్చడం చేయకూడదు. తర్వాతి మూడు వారాల్లో తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం గానీ, ముదురు రంగు మూత్రం గానీ కనబడితే ఏ రోజున ఎక్కడ నడిచారో చెప్పి రక్తపరీక్ష చేయించండి.